నూరేళ్ళ విశ్వకళాపరిషత్తు – మన పిల్లలకు చెప్పవలసిన కథ

(సూర్ పట్టణంలో జరిగిన తెలుగు సాంస్కృతికోత్సవంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ సాయంకాలం కార్యక్రమంలో పాటలున్నాయి, కూచిపూడి నాట్యం ఉంది, ఆఖరున హాస్యనాటిక కూడా ఉంది. వీటి మధ్య చదువుల మీద ఉపన్యాసమేమిటని పిల్లలు చిన్నబుచ్చుకోవద్దు. మేము పాఠం చెప్పడానికి రాలేదు. ఒక ఊరి కొండ మీద నూరేళ్ళనాడు పుట్టిన ఒక విద్యాలయం కథ చెప్పడానికి వచ్చాము. ఆ కథలో మీ తాతలున్నారు, మీ అమ్మలూ నాన్నలూ ఉన్నారు. మీరు ఉండాలో లేదో మీరే తేల్చుకోవాలి.

ఒమానులో ఉద్యోగానికి వచ్చిన ప్రతి తెలుగింటి బీరువాలోనూ ఒక ఫైలు ఉంటుంది. అందులో ఇంటి యజమాని డిగ్రీ పట్టా ఉంటుంది. వీసా కోసం దాన్ని ఆ కార్యాలయానికీ ఈ కార్యాలయానికీ తిప్పి వేయించిన అటెస్టేషన్ ముద్రలన్నీ దాని వెనుక ఉంటాయి. మన పిల్లలు ఆ ముద్రలను చూశారు. ముందు వైపు అచ్చువేసిన గుర్తును ఎంతమంది చూశారు? కోస్తా జిల్లాల పాత పట్టాలలో చాలావాటి మీద ఉదయిస్తున్న సూర్యుడు, తామరపువ్వు, స్వస్తిక, రెండు పాములు కలిసిన ముద్ర ఒకటి కనిపిస్తుంది. అది ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ముద్ర. దాన్ని గీసినవారు చిత్రకారులు కౌతా రామమోహనశాస్త్రిగారు. సూర్యుడు విద్యాలయం, కిరణాలు అక్కడి శాస్త్రాలు, తామర సరస్వతీ లక్ష్ముల పీఠం, పాములు జ్ఞానానికి కాపలాదారులు. మన చదువు వెలుగుతో నిండుగాక అని ఉపనిషత్తులోనుంచి తీసుకున్న మాట దాని కింద ఉంటుంది. ఇంగ్లీషులో ఆంధ్రా యూనివర్సిటీ అంటాము. తెలుగులో పెద్దలు పెట్టిన పేరు విశ్వకళాపరిషత్తు. అంటే లోకంలోని విద్యలన్నీ కొలువుతీరే సభ అని అర్థం.

ఆ సభ ఊరికే కొలువుతీరలేదు. మద్రాసు విశ్వవిద్యాలయం 1857లో ఏర్పడింది. ఆ తరువాత దాదాపు డెబ్బై ఏళ్ళ పాటు తెలుగు జిల్లాలలోని కళాశాలలన్నీ దాని కిందనే ఉండేవి. రాజమహేంద్రవరంలో చదివినా, బందరు నోబుల్ కళాశాలలో చదివినా, విజయనగరం మహారాజావారి కళాశాలలో చదివినా పరీక్ష మద్రాసువారిదే, పట్టా మద్రాసువారిదే. పై చదువులకు పోవాలంటే మద్రాసు రైలెక్కవలసిందే. ఎక్కగలిగిన ఇళ్ళు ఎన్ని? ఉన్న నాలుగెకరాలలో రెండు అమ్ముకోగలిగిన రైతు కొడుకును పంపేవాడు, లేనివాడు మానిపించేవాడు. ఆడపిల్లల మాట చెప్పనే అక్కరలేదు.

1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. తెలుగువారికి వేరే రాష్ట్రం కావాలన్న కోరిక అక్కడినుంచి గట్టిపడింది. ఆ కోరికతో పాటే తెలుగువారికి వేరే విశ్వవిద్యాలయం కావాలన్న కోరిక కూడా పెరిగింది. పత్రికలు రాశాయి, సభలు తీర్మానించాయి. మద్రాసు ప్రభుత్వంలో పానగల్లు రాజావారు ముఖ్యమంత్రిగా, గంజాం జిల్లాకు చెందిన ఏ.పి. పాత్రోగారు విద్యామంత్రిగా ఉన్నప్పుడు బిల్లు శాసనసభకు వచ్చింది. 1926 ఏప్రిల్ 26న బెజవాడ కేంద్రంగా ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది. ఆంధ్ర రాష్ట్రం వచ్చింది 1953 అక్టోబరు 1న. అంటే మన పేరు రాష్ట్రానికి పెట్టడానికి ఇరవై ఏడేళ్ళ ముందే ఒక చదువుల ఇంటికి పెట్టారన్నమాట. ఈ వరస పిల్లలు గుర్తుంచుకోవాలి. మనవాళ్ళకు ముందు వచ్చింది విశ్వవిద్యాలయం, తరువాత వచ్చింది సచివాలయం.

పుట్టగానే తగాదా కూడా పుట్టింది. తెలుగువారు నలుగురు కలిస్తే అయిదు అభిప్రాయాలంటారు కదా! కేంద్రం బెజవాడలోనే ఉండాలని కొందరు, రాజమహేంద్రవరంలో ఉండాలని కొందరు, విశాఖపట్నంలో అని కొందరు, అనంతపురంలో అని రాయలసీమవారు పట్టుబట్టారు. చివరకు 1930లో విశాఖపట్నం పక్కన వాల్తేరు మెట్టకు తరలించారు. దత్తమండలాలవారు అలిగి మళ్ళీ మద్రాసు విశ్వవిద్యాలయం కిందికే వెళ్ళిపోయారు. ఆ అలక చిన్నది కాదు. 1937లో కోస్తా, రాయలసీమ నాయకులు మద్రాసులో శ్రీబాగ్ ఒడంబడిక చేసుకున్నప్పుడు వాల్తేరుతో పాటు అనంతపురంలో కూడా విశ్వవిద్యాలయ కేంద్రం ఉండాలని రాసుకోవలసి వచ్చింది. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో వచ్చింది. అనంతపురానికి శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం 1981లో గాని రాలేదు. ఒక ప్రాంతం తనకూ చదువుల ఇల్లు కావాలని అడిగిన మాటకు పూర్తి జవాబు రావడానికి అర్ధశతాబ్దం పట్టింది. మన కథలో ఇది కూడా ఉంది. దీన్ని దాచి గొప్పలు మాత్రమే చెబితే పిల్లలకు అన్యాయం చేసినవాళ్ళమవుతాము.

ఇంకొక విశేషముంది. వాల్తేరు విద్యాలయాన్ని నిలబెట్టిన మొదటి ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డిగారు రాయలసీమవారే. చిత్తూరు దగ్గర కట్టమంచి వారి ఊరు. కేంబ్రిడ్జిలో చదివారు. తెలుగులో ముసలమ్మ మరణం కావ్యం రాశారు, కవిత్వతత్త్వ విచారం రాసి విమర్శకు కొత్త దారి చూపారు. 1930లో ఉప్పు సత్యాగ్రహం రోజులలో ప్రభుత్వం ప్రజలను కొట్టించిన తీరుకు నిరసనగా పదవికి రాజీనామా చేశారు. తన ప్రాంతంవారు కాదన్న చోట విద్యాలయం కట్టి, తన ప్రభుత్వం చేసింది నచ్చక కట్టినదాన్ని వదిలి వెళ్ళిన మనిషి. 1936లో మళ్ళీ వచ్చి 1949 వరకు దాన్ని పెంచారు. ఇవాళ వాల్తేరులో స్నాతకోత్సవ మందిరం వారి పేరనే ఉంది.

మధ్యలో 1931 నుంచి 1936 వరకు ఉపాధ్యక్షులుగా ఉన్నవారు సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు. తరువాత రాష్ట్రపతి అయిన రాధాకృష్ణన్‌గారే. అప్పటికి అక్కడ ఉన్నది కొండ, ఎర్రమట్టి, తాటిచెట్లు, కింద సముద్రం. మంచి గురువులు రావాలంటే భవనాలు చూపించి పిలవలేరు గనక, మనుషులను చూసి పిలిచారు. దేశం నలుమూలలనుంచి యువకులను రప్పించారు. బెంగాలు నుంచి హుమాయూన్ కబీరు, హీరేంద్రనాథ్ ముఖర్జీ వచ్చి కొంతకాలం బోధించారు. రసాయనశాస్త్రానికి టి.ఆర్. శేషాద్రిగారు, భౌతికశాస్త్రానికి రామన్‌గారి శిష్యులు సూరి భగవంతంగారు వచ్చారు. తెలుగుకు పింగళి లక్ష్మీకాంతంగారు వచ్చారు. 1933లో రవీంద్రనాథ ఠాకూరు వాల్తేరు వచ్చి మానవుడు అన్న విషయం మీద ఉపన్యాసాలిచ్చారు. మూడేళ్ళ కిందట ఊరిబయట మెట్ట అనిపించుకున్న చోట విశ్వకవి నిలబడి మాట్లాడాడు.

డబ్బు ఎక్కడిది? ప్రభుత్వం కొంత ఇచ్చింది. మిగిలింది దాతలిచ్చారు. అందరిలోకి ముందు చెప్పుకోవలసినవారు జయపురం మహారాజా విక్రమదేవవర్మగారు. జయపురం ఇప్పుడు ఒడిశాలో ఉంది. ఆయన తెలుగూ ఒడియా రెండూ ఎరిగిన పండితుడు, కవి. ఏటా లక్ష రూపాయలు ఈ విద్యాలయానికి ఇచ్చారు. ఆ రోజులలో లక్ష అంటే ఏమిటో పెద్దవాళ్ళకు చెప్పనక్కరలేదు. విజ్ఞాన, సాంకేతిక కళాశాలకు ఆయన పేరే పెట్టారు. ఆంధ్ర అన్న పేరున్న విద్యాలయానికి అడవుల అవతలి రాజు అన్నం పెట్టాడు. మన భాష మీద అభిమానం ఉండడమంటే ఇతర భాషలవారికి తలుపు వేయడం కాదని ఆ దానం మనకు చెబుతున్నది.

యుద్ధం వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపానువారి విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. ఊరు ఖాళీ అయింది. విశ్వవిద్యాలయం పెట్టెబేడా సర్దుకుని గుంటూరుకు తరలింది. భవనాలు సైన్యం చేతికి వెళ్ళాయి. పుస్తకాలు, పరికరాలు, గురువులు, శిష్యులు ఇంకొక ఊళ్ళో తలదాచుకుని చదువు సాగించారు. యుద్ధం ముగిశాక మళ్ళీ కొండకు చేరారు. వలస అంటే ఏమిటో మన విద్యాలయానికి కూడా తెలుసునన్నమాట. ఎక్కడికి వెళ్ళినా చదువు మానలేదు. అదే అందులో గుణపాఠం.

ఆ రోజులలోనే వాల్తేరులో గణితం చదివిన ఒక విద్యార్థి పేరు కల్యంపూడి రాధాకృష్ణారావు. తరువాత కలకత్తా వెళ్ళి సంఖ్యాశాస్త్రంలో లోకం మెచ్చిన పని చేశారు. 2023లో తన నూట రెండవ యేట సంఖ్యాశాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి అందుకుని, అదే ఏడాది కన్నుమూశారు. తెలుగు ఆనర్సు చదివిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు ద్రావిడ భాషల పరిశోధనలో ప్రపంచం ఒప్పుకున్న పెద్ద అయ్యారు. రైతుల నోట, చేనేతవారి నోట ఉన్న వృత్తి పదాలను ఊరూరా తిరిగి పోగుచేయించి మాండలిక వృత్తి పదకోశాలకు దారి వేసినవారు ఆయనే. నాగలి భాగాల పేర్లు కూడా విశ్వవిద్యాలయంలో చదవవలసిన విద్యేనని ఆయన నిరూపించారు.

సూర్ పిల్లలకు ప్రత్యేకంగా చెప్పవలసిన సంగతి ఒకటి ఉంది. మీరు సముద్రం ఒడ్డున పెరుగుతున్నారు. ఈ ఊళ్ళో చెక్కతో ఓడలు కట్టే పని తరతరాలుగా ఉంది. ఆ ఓడలకు టేకు మన మలబారు తీరంనుంచి వచ్చేది. నైరుతి గాలులు వీచే నెలలలో రాస్ అల్ హద్ నుంచి దక్షిణంగా ఒమాను తీరం పొడుగునా సముద్రం నీళ్ళు చల్లబడతాయని, చేపలు సమృద్ధిగా పెరుగుతాయని మీకు తెలుసు. కారణమేమిటంటే గాలి పైనున్న వెచ్చని నీటిని ఒడ్డునుంచి దూరంగా నెట్టేస్తుంది. ఆ ఖాళీలోకి అడుగునుంచి చల్లని నీరు పైకి వస్తుంది. దానితో పాటు పోషక పదార్థాలు వచ్చి చేపలకు మేత పుడుతుంది. ఇలాంటిదే ఎండాకాలంలో మన విశాఖ తీరంలోనూ జరుగుతుంది. దాన్ని కొలిచి చూపిన పని వాల్తేరులో జరిగింది. 1952లో అమెరికా సముద్రశాస్త్రజ్ఞుడు యూజీన్ లఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి మన విద్యార్థులను వెంటబెట్టుకుని సముద్రం మీదికి వెళ్ళాడు. ఆ పరిశోధనలలో విశాఖ తీరానికి ఎదురుగా సముద్రగర్భంలో లోయలు బయటపడ్డాయి. వాటికి ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టారు. మొదటి పేరు విద్యాలయానిది. రెండవది భూగర్భశాస్త్ర ఆచార్యులు సి. మహదేవన్‌గారిది. మూడవది నది పేరు కాదు, అప్పటి ఉపాధ్యక్షులు వాసిరెడ్డి శ్రీకృష్ణగారిది. సముద్రం అడుగున కూడా మన గురువుల పేర్లున్నాయి. ఖోర్ ఒడ్డున నిలబడి మీ ఒమానీ స్నేహితులకు ఈ మాట ధైర్యంగా చెప్పండి.

ఇక అక్కడి జీవితం. మాలో కొందరం అక్కడ చదివినవాళ్ళం. శ్రీకాకుళంనుంచి, విజయనగరంనుంచి, తూర్పు పశ్చిమ గోదావరులనుంచి రేకు పెట్టె, పరుపుచుట్ట, ఆవకాయ జాడీ పట్టుకుని వచ్చినవాళ్ళం. మా ఊళ్ళనుంచి అంత దూరం చదువుకు వెళ్ళిన మొదటివాళ్ళం మాలో చాలామందిమి. బస్సు ఇన్‌గేటు దగ్గర దిగాలా, అవుట్‌గేటు దగ్గర దిగాలా అన్నది తెలియడానికే ఒక వారం పట్టేది. సముద్రపు గాలికి పుస్తకాల అట్టలు మెత్తబడేవి. సాయంత్రమైతే మెట్ట దిగి రామకృష్ణా బీచికి నడిచేవాళ్ళం. చీకటి పడ్డాక దక్షిణాన డాల్ఫిన్స్‌నోస్ కొండ మీది దీపస్తంభం వెలుగు తిరుగుతూ కనిపించేది. ఇక్కడ అల్ ఐజా దీపస్తంభాన్ని మొదటిసారి చూసిన రోజున మాలో ఒకాయన, "ఇదీ మన వాల్తేరే" అన్నాడు.

హాస్టలులో నెలాఖరున ఖర్చంతా లెక్కకట్టి తలా ఇంత అని పంచేవారు. దాన్ని డివైడింగ్ మెస్ అనేవారు. కూరగాయలు తెచ్చేది, లెక్కరాసేది మెస్ కార్యదర్శులుగా వంతులవారీగా విద్యార్థులే. ఒక నెల ఆ బాధ్యత చేసినవాడికి కందిపప్పు ధర జన్మలో మరపు రాదు. ఇంటినుంచి మనియార్డరు ఆలస్యమైనవాడి వాటా స్నేహితుడు కట్టేవాడు. ఎవరు కట్టారో ఎవరూ అడిగేవారు కాదు. శ్రీకాకుళంవాడు ఒక యాసలో, గోదావరివాడు ఒక యాసలో, గుంటూరువాడు ఇంకొక యాసలో మాట్లాడి, మొదటి నెలంతా ఒకరినొకరు వెక్కిరించుకుని, ఏడాది గడిచేసరికి అందరూ ఒకే కలగూర భాష మాట్లాడేవారు. కులాల పేరున, జిల్లాల పేరున ముఠాలు ఉండేవి కావని అబద్ధం చెప్పము. ఉండేవి. కాని ఒకే పంక్తిలో కూర్చుని తిన్న అన్నం వాటికన్న బలమైనది. మా ఊళ్ళో ఒకే బావి నీళ్ళు తాగనివాళ్ళు అక్కడ ఒకే గదిలో చదువుకున్నారు. దళిత కుటుంబంలో పుట్టిన లంకపల్లి బుల్లయ్యగారు 1968 నుంచి 1974 వరకు ఆ విద్యాలయానికే ఉపాధ్యక్షులయ్యారు. మా ముందు తరం విద్యార్థులు ఆ మాట ఎంత గర్వంగా చెప్పేవారో మాకు జ్ఞాపకముంది.

అక్కడ చదువుతో పాటు నాటకం ఉంది. రిజిస్ట్రారుగా పనిచేసిన కూర్మా వేణుగోపాలస్వామిగారు నాటకమంటే ప్రాణం పెట్టేవారు. ఆరుబయట రంగస్థలం మీద విద్యార్థులు ఆడిన నాటకాలనుంచి, అంతర కళాశాలల పోటీలనుంచి మన నాటకరంగానికి, సినిమాకు ఎందరో వచ్చారు. ఇవాళ ఈ వేదిక మీద హాస్యనాటిక ఆడబోయే చిరంజీవులకు వారు వరసకు పెద్దన్నలు.

అక్కడ ఉద్యమం కూడా ఉంది. 1966లో విశాఖకు ఉక్కు కర్మాగారం కావాలని తెలుగునేల అంతా లేచినప్పుడు విద్యార్థులు ముందు నడిచారు. నవంబరు 1న విశాఖపట్నంలో కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఆ కర్మాగారంలో పని నేర్చుకుని గల్ఫు దేశాలకు వచ్చినవారు మనలో ఉన్నారు. ఎవరో కుర్రవాళ్ళు వీధిలోకి వచ్చి అడిగినదాని ఫలం మనం అన్నంగా తింటున్నాము.

విద్యాలయం తన పిల్లలను కూడా పెంచి వేరు కాపురం పెట్టించింది. 1967లో గుంటూరులో పెట్టిన స్నాతకోత్తర కేంద్రం 1976లో నాగార్జున విశ్వవిద్యాలయమైంది. శ్రీకాకుళం దగ్గర ఎచ్చెర్లలో పెట్టిన కేంద్రం 2008లో అంబేద్కర్ విశ్వవిద్యాలయమైంది. రాజమహేంద్రవరంలో 2006లో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం వచ్చింది. నూరేళ్ళనాడు కేంద్రం ఎక్కడని కొట్లాడుకున్న ఊళ్ళలో ఒక్కొక్కటికీ ఇప్పుడు దాని విద్యాలయం దానికి ఉంది. 1972లో మొదలైన దూరవిద్య వల్ల బ్యాంకు గుమాస్తాలు, బడిపంతుళ్ళు, పెళ్ళితో చదువు ఆగిన ఆడవాళ్ళు ఇంట్లో ఉండే పట్టాలు తెచ్చుకున్నారు. మన తల్లులలో ఇద్దరు ముగ్గురు అలా చదివినవారు ఈ సభలోనే ఉన్నారు. వారికి ప్రత్యేకంగా నమస్కరిస్తున్నాము.

ఇక అసలు మాటకు వస్తాము. ఇవాళ మన ఇళ్ళలో ఈ విద్యాలయం పేరు ఎత్తితే పిల్లలేమంటారు? "గవర్నమెంటు యూనివర్సిటీయా?" అంటారు. ఆ మాట వాళ్ళకు నేర్పింది మనమే. పన్నెండవ తరగతి అయ్యేసరికి మన పిల్లలు సూర్ వదిలి ఎక్కడికో వెళ్ళవలసిందే. ఎక్కడికి అన్న చర్చలో ప్రైవేటు విద్యాసంస్థల రంగుల పుస్తకాలుంటాయి, ఇంగ్లండు, కెనడాల మాట ఉంటుంది, అప్పు లెక్క ఉంటుంది. మన తాతలు అడిగి, దెబ్బలాడి, చందాలు వేసి కట్టుకున్న విద్యాలయాల పేరు ఆ చర్చలో రాదు. ఎవరి పిల్లలను ఎక్కడ చదివించుకోవాలో చెప్పే అధికారం మాకు లేదు. పిల్లవాడి అభిరుచి, ఇంటి పరిస్థితి చూసుకుని ఎవరి నిర్ణయం వారు చేసుకోవాలి. కాని తెలియక వదిలేయడం వేరు, తెలిసి వేరేది ఎంచుకోవడం వేరు.

లోపాలు లేవా? ఉన్నాయి. రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో అధ్యాపకుల ఉద్యోగాలు ఏళ్ళ తరబడి ఖాళీగా ఉంటున్నాయి. ఒక గురువు చేయవలసిన పని కాంట్రాక్టు మీద వచ్చినవారు తక్కువ జీతానికి చేస్తున్నారు. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పదవుల మీద చూపు పడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి ఆవరణలోని చెట్లను కూల్చింది. 2007 జూన్‌లో గోను తుపాను ఈ తీరాన్ని ఎలా కొట్టిందో చూసిన సూర్ వారికి ఆ దృశ్యం వర్ణించనక్కరలేదు. అక్కడ చెట్లు మళ్ళీ నాటారు. గురువుల ఖాళీలు చెట్లకన్న కష్టమైన పని. అడిగేవాళ్ళుంటేనే అవి నిండుతాయి. 1926లో అడిగారు గనక వచ్చింది. అడగడం మానేస్తే ఉన్నది కూడా ఎండిపోతుంది. ధనికుల పిల్లలు వేరే దారి చూసుకున్నారు గనక ఇవాళ ఆ తరగతులలో ఎక్కువగా కూర్చుంటున్నది రైతుకూలీల పిల్లలు, మత్స్యకారుల పిల్లలు, గిరిజనుల పిల్లలు. అంటే నూరేళ్ళనాడు ఎవరికోసం ఈ ఇల్లు కట్టారో వాళ్ళే ఇప్పుడు గుమ్మంలో ఉన్నారు. సరిగ్గా ఈ సమయంలో మనం ముఖం తిప్పుకుంటే మన తాతలు రైలు దిగని స్టేషనులో వాళ్ళను వదిలిపెట్టినట్టే.

మనకు అన్నం పెడుతున్న ఈ దేశాన్నే చూడండి. 1970కి ముందు ఒమాను మొత్తానికి మూడే ఆధునిక పాఠశాలలు ఉండేవి. 1986లో సుల్తాన్ ఖాబూస్ విశ్వవిద్యాలయం తలుపులు తెరిచింది. ఇవాళ సూర్‌లోనే డిగ్రీలిచ్చే కళాశాలలున్నాయి. సముద్రం మీద బతికిన నావికుల మనుమరాళ్ళు ఇంజనీర్లవుతున్నారు. వాళ్ళకు ఆ విద్యాలయం అంటే ఎంత గౌరవమో మనం కళ్ళారా చూస్తున్నాము. ఆతిథ్యం ఇచ్చినవారినుంచి నేర్చుకోదగిన మంచి గుణం ఇది.

అందుచేత ఈ ఉత్సవ సందర్భంలో మూడు మనవులు చేసుకుంటున్నాము.

మొదటిది పెద్దలకు. మీ వంశంలో మొదట కళాశాల గడప తొక్కినవారు ఎవరు, ఏ ఊరునుంచి ఏ ఊరికి వెళ్ళారు, ఫీజు ఎవరు కట్టారు, ఏమి అమ్మారు – ఇది ఒక్క పేజీ తెలుగులో రాయండి. అమ్మమ్మ చదువు ఎక్కడ ఆగిపోయిందో, ఎందుకు ఆగిపోయిందో కూడా రాయండి. వచ్చే ఏడాది సంచికలో మన సంఘం వాటిని అచ్చువేస్తుంది. పిల్లలకు ఆస్తి పత్రాలు ఇస్తున్నాము, ఈ పత్రం కూడా ఇద్దాము.

రెండవది తల్లిదండ్రులకు. వేసవి సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు విశాఖలో బీచి, కైలాసగిరి, సబ్‌మెరైను మ్యూజియం చూపిస్తున్నారు. మంచిదే. ఒక పూట వాల్తేరు మెట్ట కూడా ఎక్కించండి. వి.ఎస్. కృష్ణా గ్రంథాలయం చూపించండి. తిరుపతి వెళితే కొండతో పాటు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, వరంగల్లు వెళితే వేయిస్తంభాల గుడితో పాటు కాకతీయ విశ్వవిద్యాలయం చూపించండి. మీరు చదివిన గది ఏదో చెప్పండి. పిల్లలు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. విసుక్కుంటూ విన్నవే పెద్దయ్యాక గుర్తుంటాయి.

మూడవది సంపాదనపరులకు. జయపురం మహారాజావారు ఏటా లక్ష ఇచ్చారు. మనం మహారాజులం కాము. కాని పదిమంది కలిస్తే ఒక పేద విద్యార్థి ఏడాది మెస్ బిల్లు కట్టగలం. స్నేహితుడి వాటా ఎవరు కట్టారో అడగని రోజులు గుర్తున్నవాళ్ళకు ఇంతకన్న చెప్పనక్కరలేదు. పేరు వేయించుకోవడానికి కాకుండా, ఆ పాత లెక్క తీర్చడానికి ఈ పని చేద్దాము.

చిరంజీవులారా, 2026 ఏప్రిల్ 26 నాటికి ఆ విద్యాలయానికి నూరేళ్ళు. మీరు అక్కడ చదవకపోవచ్చు. మస్కట్టులో చదవవచ్చు, హైదరాబాదులో చదవవచ్చు, ఇంకా దూరం వెళ్ళవచ్చు. ఎక్కడ చదివినా, తరగతి గదిలో బల్ల ముందు కూర్చున్నప్పుడు ఆ బల్ల ఎవరో అడిగితే వచ్చిందని, మీ తరువాత కూర్చునేవారి కోసం మీరు కూడా అడగవలసి ఉంటుందని మరవకండి. మీ తాతలు రాష్ట్రం కన్న ముందు చదువు కోరుకున్నవాళ్ళు. ఆ వరస మీ చేతిలో తప్పిపోకూడదు.

 నాటికకు వేళయింది, సెలవు తీసుకుంటున్నాము.